వ్యక్తిగత కారణాల వల్ల చింతలనార్

విద్యా స్వేచ్ఛ మీద ఏటా గంటసేపు ఉపన్యసించే నేనే విదేశీ చదువుల ఎంపిక కమిటీకి అధ్యక్షుణ్ణి. నిరుడు మొదటి స్థానం బస్తర్ అడవుల్లోని చింతలనార్ అమ్మాయి సునీతకు వచ్చింది. అక్కడి పోరులో ఖాళీ అయిన ఊళ్ళ మీద ఆమె పరిశోధన. అవతలి విశ్వవిద్యాలయం ఆ జిల్లా వాళ్ళూ వద్దు, ఆ అంశమూ వద్దంది. "అడవి పూల మీద చేయమ్మా" అన్నాను. వినలేదు. ఫైల్లో "వ్యక్తిగత కారణాల వల్ల విరమించుకుంది" అని రాసి, హాయిగా టీ తాగాను.

ఇప్పుడు మరో విశ్వవిద్యాలయం ఆమెను తీసుకుంటానంది. అప్పుడెందుకు మానుకున్నావో శుక్రవారంలోగా రుజువు చూపమంది. "రాసింది మీరే కద సార్, మీరే చెప్పుర్రి" అని సునీత ఫోన్ చేసింది. "సాంకేతిక కారణాలు" అంటూ మెత్తటి ఉత్తరమొకటి టైపు చేయించి, ఆమెను ఒప్పించడానికి మంగళవారం పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కాను.

ఎదురు సీటులో బచేలీ గనుల ఉద్యోగి భార్య. అరకు దాటాక పులిహోర పెట్టింది.

"బంధువులున్నారాండీ?"

"లేరమ్మా. ఊరికే చూద్దామని."

"మా వైపు ఊరికే ఎవరూ రారండి బాబూ!"

దంతెవాడలో దిగేసరికి చీకటి పడింది. లాడ్జి గది ఆరు వందలు, వేడినీళ్ళు అడక్కండి. పొద్దున ఏడింటి బస్సుకు సుక్మా. వెళ్ళేవారు అక్కడే పూరీ తినేయడం మంచిది. దోర్నపాల్‌లో పదకొండున్నరకు జీపు. దారిలో పోలీసు బలగాల క్యాంపు గేటు. ప్రొఫెసర్ననగానే కార్డయినా చూడకుండా వదిలారు. పక్కనున్న పెద్దాయన ఆధార్‌ను మాత్రం రెండుసార్లు తిప్పి చూశారు. ఆయన పుట్టిన ఊరు ఆ గేటుకు రెండు మైళ్ళు.

"ఏంది సార్, ఎవరింటికి?" అన్నాడాయన. చెప్పాను.

"ఆ లండన్ పోని పిల్లనా? మా ఊళ్ళ లండన్ పోనోళ్ళు అందరూ ఉన్నరు. కాగితమొచ్చి పోనిది ఆమె ఒక్కతే!"

జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ.

రెండింటికి చేరాను. సునీత, వాళ్ళమ్మ చింతపండు గింజ తీస్తున్నారు. ఉత్తరం చదివి సునీత నా చేతికే ఇచ్చేసింది.

"మొన్న వ్యక్తిగతం, ఇయ్యాల సాంకేతికం. నేను చింతలనార్ల పుట్టిన్నని రాస్తే పెన్ను ఇరుగుతదా సార్?"

వాళ్ళమ్మ తమ దోర్లీ భాషలో ఏదో అంది. "ఏమంటోంది?" అని అడిగాను.

"ఈ సారుకు రాయొస్తదా అంటున్నది."

రాయడం అక్కడే నేర్చుకున్నాను. "ఈమె విరమించుకోలేదు. పుట్టిన జిల్లానూ, ఎంచుకున్న అంశాన్నీ చూసి మేమే ఆపాం. ఫైల్లో అబద్ధం రాసింది నేను." సంతకం పెట్టగానే సునీత ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, సిగ్నల్ అందే చోటికి సైకిలెక్కింది. క్షమించానని అనలేదు. నాకూ అడిగే మొహం లేదు.

రాత్రి సుక్మాలో, మర్నాడు దంతెవాడలో బస. శుక్రవారం ఉదయం తిరుగు రైలెక్కాను. బస్తర్‌లోకి వెళ్ళడం కష్టమంటారు. నాకేమీ కష్టం కాలేదు. అక్కడివాళ్ళు బయటికి రావడమే కష్టం. ఆ గేట్లలో ఒకటి నేనే.

జగదల్‌పూర్ దాటాక సునీత మెసేజ్: "చేరింది సార్. ఒప్పుకున్నరు." వెంటనే మా రిజిస్ట్రార్ ఫోన్. నా ఉత్తరాన్ని ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆయనకూ పంపారట.

"కమిటీ నుంచి తప్పుకుంటున్నట్టు రాసివ్వండి."

"కారణం ఏమని రాయమంటారు?"

"అదేముందండీ, వ్యక్తిగతమని రాసేయండి."

ఆ మాట రాయడంలో నాకు మంచి అనుభవముంది. కాగితం తీసి, అసలు కారణం రాయడం మొదలుపెట్టాను. విశాఖ చేరేసరికి రెండో పేజీలో ఉన్నాను.