మామూలు గాలి నాకొద్దన్నాను

నాకు ఒక మంచి ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయింది. అందరికీ పోతాయి, ఇందులో వింతేముంది అంటారా? మీవి సిఫారసు లేక పోయి ఉంటాయి, ఇంగ్లిష్ రాక పోయి ఉంటాయి. నాది బండి టైరులో గాలి కొట్టించుకోనన్నందుకు పోయింది. అదీ ఊరికే కొడతామన్న గాలి. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ముందు మీరు నవ్వండి, ఆ తర్వాత నేను వాయించుకుంటాను.

అప్పుడు నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో బైకు మీద అన్నం పొట్లాలు మోసేవాణ్ణి. డెలివరీ అంటే కాస్త గొప్పగా వినిపిస్తుంది గానీ చేసే పని అదే. రెండు వేసవులు గడిచేసరికి హెల్మెట్‌లో నా బుర్ర కుతకుతా ఉడికిపోయింది. ఉడక్కపోతే ఈ కథే జరిగేది కాదు. పక్కనే ధహ్రాన్‌లో కాపలా గేటున్న ఒక ఇళ్ల కాంపౌండ్ వర్క్‌షాపులో మా జగిత్యాల వైపు మల్లన్న మెకానిక్‌గా ఉన్నాడు. అక్కడి సెక్యూరిటీ బైకులు చూసుకోవడానికి మనిషి కావాలంటే, నా పేరు చెప్పాడు. నీడపట్టున పని, ఏసీ గది, కఫీల్‌ను, అంటే వీసా యజమానిని, మార్చే కాగితాలన్నీ వాళ్లే చూసుకుంటారు. పోస్టు మాత్రం ఒక్కటే. నాకు సెలవున్న బుధవారం నాడు పది నుంచి పదకొండు వరకు గేట్ పాస్ రాయించాడు. ఆ గంటలో ఫోర్‌మన్ ముందు బండి విప్పి బిగించి చూపించాలి. పదకొండుకు ఇంకొకడి వంతు.

నాకేమో అప్పుడు నైట్రోజన్ పిచ్చి పట్టి ఉంది. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి పట్టిన పిచ్చి. మామూలు గాలిలో తేమ ఉంటుందట, ఎండకు ఉబ్బుతుందట. నైట్రోజన్ అయితే నెలల తరబడి దిగదట. రెండు టైర్లకూ అదే ఎక్కించి, ఆ గుర్తుగా వాల్వులకు ఆకుపచ్చ మూతలు పెట్టించుకుని, రూములో ఉండే ఏడుగురికీ రోజూ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. వాళ్లు దుప్పటి ముసుగేసుకునేవాళ్లు. నైట్రోజన్‌లో మామూలు గాలి కలిస్తే టైరు పాడవుతుందని మాత్రం ఏ వీడియోలోనూ లేదు. అది పూర్తిగా నా సొంత పరిశోధన.

ఆ బుధవారం తొమ్మిదిన్నరకు బయల్దేరానో లేదో, వెనక టైరు మెత్తబడింది. ఎదురుగానే పెట్రోలు బంకు, గోడకు గాలి గొట్టం. అక్కడి బంగ్లాదేశీ అతను నేను అడక్కుండానే గొట్టం లాక్కొచ్చాడు.

"హవా భర్ దూఁ, భాయ్?"

"నహీఁ నహీఁ! ఇస్‌మే నైట్రోజన్ హై!" అంటూ టైరుకు అడ్డంగా నిలబడ్డాను.

అతను టైరును చూశాడు, నన్ను చూశాడు, గొట్టం మళ్లీ గోడకు తగిలించేశాడు.

నైట్రోజన్ కొట్టే బన్షర్, అంటే ఇక్కడి పంక్చర్ షాపు, రెండు కిలోమీటర్ల దూరం. బండి తోసుకుంటూ బయల్దేరాను. దారిలో ఇంకో రెండు బంకులు తగిలాయి. రెండింటి ముందూ తల ఎత్తుకుని నడిచాను. ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసిన చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. అంతలో మల్లన్న ఫోన్ చేశాడు.

"యాడున్నవ్ రా తమ్మీ? పదైతుంది."

"టైర్ల నైట్రోజన్ దిగిందే అన్నా. కొట్టిచ్చుకొని అస్తున్న."

"నైట్రోజన్ ఏందిరా? గాలి కొట్టిచ్చుకొని రా!"

"గాలి కలిస్తె టైరు కరాబైతది అన్నా."

"ఎవడు జెప్పిండు నీకు? సరె, బండి ఆడ్నే వెట్టి ట్యాక్సీల రా."

"బైకు మెకానిక్ పోస్టుకు ట్యాక్సీల అస్తె ఇజ్జత్ ఏముంటదే?"

ఆ మాట అన్నది నేనే. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనే.

చేరేసరికి బన్షర్ మూసి ఉంది. దాన్ని నడిపే ఖాన్ భాయ్, పెషావర్ ఆయన, పదిన్నరకు తీరిగ్గా వచ్చి, చాయ్ తాగి, మిషన్ ఆన్ చేశాడు. అది గుర్రుగుర్రుమంటుంటే ఉండబట్టలేక, నైట్రోజన్ ఎక్కడి నుంచి తెప్పిస్తారు, రియాద్ నుంచా అని అడిగాను.

"అరే, కహీఁ సే నహీఁ. యహీఁ కీ హవా హై!" అంటూ షాపు ముందు గాలిలో చెయ్యి తిప్పాడు.

బయటి గాలినే మిషన్ పీల్చి వడకడుతుందట. మామూలు గాలిలోనే ముప్పావు వంతుకు పైగా నైట్రోజన్ ఉందట. రెండూ కలిస్తే ఏమీ కాదట. రేసుల్లో తిరిగేవాళ్ల సంగతి వేరు, మనలాంటివాళ్లు వారానికోసారి ప్రెజర్ చూసుకుంటే చాలట. మరి ఎందుకు దిగిందంటే, వాల్వు మీద కాస్త ఉమ్మి రాశాడు. బుడబుడా బుడగలు వచ్చాయి. లోపలి పిన్ను వదులైంది, అర చుట్టు బిగించాడు. మెకానిక్ పోస్టుకు పోతున్న నేను పొద్దున్నుంచీ ఆ వాల్వు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

గేటు దగ్గరకు చేరేసరికి పదకొండు దాటి పది నిమిషాలైంది. గార్డు పాస్ చూసి, "ఖలాస్" అన్నాడు. అయిపోయిందని అర్థం. ఎంత బతిమాలినా ఆ ఒక్క మాటే. మల్లన్న గేటు బయటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అన్నా, సార్‌ను ఒక్కపారి అడుగరాదే."

"ఏమని అడుగాలె? పొద్దుగాల్నే అడిగిండు మా ఫోర్‌మన్. ఆయనది కర్నూలు. 'ఆ పిల్లోడు ఎట్లాంటోడప్పా' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"గాలోడైతె కాదు సార్, అని జెప్పిన."

అని, నా మొహం కూడా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మల్లన్న మా వైపు వాళ్ల పేరు ఒక్కటి కూడా ఎక్కడా చెప్పలేదని విన్నాను. నేను ఇంకో మూడు వేసవులు పొట్లాలు మోశాను.

అందువల్ల, నా వెనక టైరు మీద చెయ్యి వేసి, మీ అందరి ఎదుటా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ బంకులో, ఏ దేశంవాడు, ఏ గొట్టంతో కొట్టినా సరే, గాలి కులగోత్రాలు అడగను.