బొటనవేలికి అంటిన పేరు

మా షాపులోకి లేజర్ ప్రింటర్ వచ్చి రెండు నెలలైంది. దానికి ఏ కాగితం పడుతుందో అందరికీ చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది. ఈ రోజు మాత్రం చెప్పి కూడా ఓడిపోయాను.

కాశిబుగ్గ నుంచి నేతపని చేసే ఒక పెద్దాయన, భార్య దశదినకర్మ కార్డుల కోసం వచ్చాడు. కాగితాలు ముందు పెడితే కళ్లతో చూడలేదు. బట్టను చూసినట్టు ఒక్కోదాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. చివరికి గరుకుగా, మందంగా ఉన్నదాన్ని పక్కకు తీశాడు.

"బాపూ, దీని మీద అక్షరం ఆగది. నున్నటిది తీస్కో," అన్నాను.

"మా ముసల్దానికి నున్నటిది నచ్చది బిడ్డా. నలభై ఏండ్లు నాకు నూలు కండెలు చుట్టిచ్చింది. ఇది మా మగ్గం బట్ట లెక్కనే ఉన్నది."

ఇక కాదనలేక ఒక కార్డు కొట్టి ఇచ్చాను. నేసిన బట్టను తడిమి చూసే అలవాటు కదా, బొటనవేలితో గట్టిగా ఒకసారి రుద్దాడు. భార్య పేరు పొడిపొడిగా లేచి వేలికి అంటుకుంది.

అది చూశాక ఆయనా ఒప్పుకోవడంతో, కార్డులన్నీ నున్నటి కాగితం మీదే కొట్టిచ్చాను. చెయ్యి కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చాను.

"ఉండనీ బిడ్డా," అన్నాడు. కట్టను చంకలో పెట్టుకుని, ఆ వేలు దేనికీ తగలనీయకుండా వెళ్లిపోయాడు.

పేరు లేచిపోయిన కార్డు నా బల్ల మీదే ఉంది. చెత్తబుట్టలో వేయడానికి చేతులు రావడం లేదు. మీకైతే వచ్చేవా?