మెచ్చుకున్న పెట్టె

బూరుల్‌కాన్ చేసే ఉన్ని చెప్పులు వేసుకుంటే మంచుగడ్డ మీద నిలబడ్డా అరికాళ్లకు చెమటలు పడతాయని నరీన్ ఊళ్లో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. అలాంటి మనిషికి మార్చి ఒకటో తారీకు పొద్దున్నే, ఉమ్మేస్తే నేలను తాకేలోపు గడ్డకట్టే చలిలో, నెత్తి నుంచి కాళ్ల దాకా చెమటలు పట్టాయి.

సాయంత్రం ఐదింటికల్లా పన్నుల ఆఫీసులో ఏడాది లెక్క ఇవ్వాలి. ఇస్తేనే రేపు 'బాకీ లేదు' అన్న కాగితం ఇస్తారు. ఆ కాగితం చూస్తేనే రాజధానిలో హోటలువాళ్లు మూడు వందల జతల బేరం ఖాయం చేస్తారు. ఆమె దగ్గర చెప్పుల కోసం ఉన్ని తొక్కే నలుగురు ఆడవాళ్లూ ఆ బేరం మీదే ఆశ పెట్టుకున్నారు. రసీదులన్నీ పూలబొమ్మల చెక్కపెట్టెలో ఉన్నాయి. పరుపుల దొంతర పక్కన చూస్తే దొంతర ఉంది, పెట్టె లేదు.

"అత్తయ్యా, నా పెట్టేదీ?"

ఉపెల్‌కాన్ టీ ఊదుకుంటూ, "అదా! నిన్న అత్‌బాషి నుంచి మా చుట్టం కనిషాయ్ వచ్చిందిగా. 'అబ్బ, ఎంత ముద్దుగా ఉందే' అంది. ఇచ్చేశా," అంది.

"ఇచ్చేశావా! అందులో నా రసీదులున్నాయి!"

"తెరిచి చూసి ఇస్తారా ఎవరైనా? ఎవడో మెచ్చుకున్నాడని మీ మామ జీను ఊడదీసి ఇచ్చేసి, ఉత్త గుర్రం మీద కొండ దిగొచ్చాడు. వారం రోజులు బోర్లాపడి తిన్నాడే తప్ప, అయ్యో అనలేదు."

"పోనీ, కాగితాల వరకే అడుగుతా."

"అడుగు, అడుగు! పొరపాటున ఇచ్చామని తెలిస్తే ఇచ్చినట్టా? దాని నోట్లో పడితే తెల్లారేలోపు చైనా సరిహద్దు దాటుతుంది. నా శవం దగ్గర కూడా అదే చెప్పుకుంటారు!"

బూరుల్‌కాన్ అత్‌బాషి వెళ్లే వ్యాను స్టాండుకు పరుగెత్తింది. వ్యాను నిండితే గాని కదలదు. పన్నెండింటి దాకా ఆమె దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందంటే, అక్కడ మంచు కరిగి బాట పడింది.

"కూచో అక్కా, నిన్ను చూస్తే నా టైర్లకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు డ్రైవరు.

"మళ్లీ మూడున్నరకు నన్నెక్కించుకు రాకపోతే నీ టైర్లు మిగలవు!"

కనిషాయ్ గుమ్మంలోనే కావిలించుకుంది. గూట్లో పెట్టె తళతళలాడుతోంది. కానీ రొట్టె విరవకుండా, టీ తాగకుండా ఏ మాటైనా ఎత్తితే మర్యాద కాదు. ఆ టీ సగం గిన్నెడే పోస్తారు. ఎన్నిసార్లు పోస్తే అంత ప్రేమ. కనిషాయ్ ప్రేమ తొమ్మిది గిన్నెలయినా తరగలేదు.

"ఇంకాస్త, అమ్మాయ్."

"చాలు పిన్నీ, చెవుల్లోంచి వస్తోంది."

పదో గిన్నెకు కనిషాయ్ టీనీళ్లు కాగే సమోవారు వైపు తిరిగి, "మీ పెట్టెలో కాగితాలు భలే అంటుకుంటున్నాయే! పొద్దున రెండు వేసి దీన్ని రాజేశా," అంది.

బూరుల్‌కాన్‌కు పొలమారింది. అడిగితే పరువు పోతుంది, అడక్కపోతే బేరం పోతుంది. బయట వ్యాను హారన్ మోగుతోంది. అత్త మీద కోపంతో పళ్లు నూరుతుంటే, అత్త మాటే బుర్రకు తట్టింది. గూటివైపు చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"అబ్బ! పిన్నీ, ఎంత ముద్దుగా ఉందే ఆ పెట్టె!"

కనిషాయ్ మొహం ఎండబెట్టిన పెరుగు ఉండలా బిగుసుకుంది. "అది... మీ ఇంటిదేగా?"

"మీ గూట్లోకొచ్చాకే దానికి కళ వచ్చింది!"

గుమ్మం దగ్గర పక్కింటావిడ నిలబడి చూస్తోంది. ఇంకేం చేస్తుంది? ఇచ్చింది. ఇస్తూ, "ఘటికురాలివే! మీ అత్తకు తగ్గ కోడలివి," అని బుగ్గ గిల్లింది. ఆ గిల్లుడు వారం దాకా కమిలే ఉంది.

ఐదుకు పది నిమిషాలుండగా బూరుల్‌కాన్ ఆఫీసులో పడింది. కిటికీ వెనకాల అమ్మాయి రసీదులన్నీ తిరగేసి, "రెండు కొనుగోళ్లకు రసీదుల్లేవక్కా. అవి ఖర్చులోకి రావు. పన్ను కాస్త పెరుగుతుంది," అంది.

"పెంచుకో తల్లీ, ముద్ర మాత్రం కొట్టు!"

ముద్ర ఠప్పున పడింది. వెనకాల క్యూ అంతా ఊపిరి వదిలింది.

అప్పుడు ఆ అమ్మాయి అంది కదా, "అబ్బ, పెట్టె ఎంత ముద్దుగా ఉందక్కా!"

బూరుల్‌కాన్ చేతులు వాటంతటవే పెట్టెను కిటికీలోకి తోశాయి.

ఆ అమ్మాయి నిప్పు ముట్టుకున్నట్టు ఎగిరిపడింది. "అమ్మో, తియ్యక్కా! పైన కెమెరా ఉంది, లంచమంటారు!"

ఇంట్లో ఉపెల్‌కాన్ ముద్ర వంక చూడనేలేదు, పెట్టె వంకే చూసింది.

"ఆఫీసులో ఎవరూ మెచ్చుకోలేదా?"

"కిటికీ దగ్గరమ్మాయి మెచ్చుకుంది. ఇచ్చా. తీసుకోలేదు."

"ఛీ," అంది ముసలామె టీ పోస్తూ, "ఆ పిల్లనెవరు పెంచారో!"