రేపు మళ్లీ రాలేని మంత్రి

కరోనా తర్వాత బళ్లు తెరిచిన ఏడాది నన్ను గెజిటెడ్ హెడ్మిస్ట్రెస్‌గా నారాయణఖేడ్ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు వేశారు. నా ఆఖరి పోస్టింగ్ అది. దసరా సెలవులు ముగిసిన వారం, ఆఫ్రికాలోని ఒక దేశపు విద్యామంత్రి మా బడి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ల జిల్లాలో బడిలో పాఠం చెప్పిన మొదటి మహిళ ఆవిడేనట. ఊరి టీచరుగా మొదలై మంత్రి దాకా వచ్చారు.

పెద్దవాళ్లు వస్తున్నారంటే ఖాళీ బెంచీల్లో పక్క తరగతి పిల్లల్ని కూర్చోబెట్టడం మా దగ్గర పాత అలవాటు. అదంటే నాకు ఒళ్లు మంట. ముందురోజు ఏర్పాట్లు చూడటానికి వచ్చిన అధికారి కూడా అలాగే కూర్చోబెట్టమన్నాడు. ఖాళీ ఖాళీగానే ఉండనీయండి సార్ అన్నాను. ముఖం మాడ్చుకుని పోయాడు.

మంత్రి తొమ్మిదో తరగతిలోకి వచ్చి నేరుగా ఆ ఖాళీలోనే కూర్చున్నారు. ఇది ఎవరి చోటని అడిగారు. సుశీలదని చెప్పాను. లెక్కల్లో దిట్ట. తల్లిదండ్రులు చెరుకు కొట్టడానికి ఈ రోజే కర్ణాటక పోతున్నారు, చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి ఈ పిల్లా పోతోంది. కార్యక్రమంలో లేకపోయినా సుశీల వాళ్ల తండాకు పోదాం పదండన్నారు మంత్రి.

మేం పోయేసరికి లారీలోకి వంటగిన్నెలు ఎక్కిస్తున్నారు. మంత్రి మంచం మీద కూర్చుని చంటివాణ్ణి ఒళ్లోకి తీసుకున్నారు. తన బడిలో ఆడపిల్లలు తమ్ముళ్లను వెంట తెచ్చి వెనక వరుసలో పడుకోబెట్టేవారని, సుశీల కూడా ఇక్కడే ఉండి అలాగే రావచ్చని అన్నారు. నేను తెలుగులో చెప్పాను.

సుశీల తల్లి కొంగు బిగించింది. "మాట మంచిగనే ఉంది మేడం. గీ పిల్లగానికి పాలెవలిస్తరు? గా అమ్మ ఇస్తదా?"

నేను ఆ మాట చెప్పగానే మంత్రి చంటివాణ్ణి తల్లి చేతికిచ్చారు. లారీ హారన్ కొట్టింది. సుశీల ఎక్కుతూ, "మేడం, నా పేరు కొట్టెయ్యకుండ్రి. నేనొస్త" అంది.

కారులో మంత్రి కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. టీచరుగా ఉన్నప్పుడైతే రేపు మళ్లీ వచ్చేదాన్ని, ఒప్పుకోకపోతే ఎల్లుండీ వచ్చేదాన్ని, ఇప్పుడు రేపు పొద్దునే విమానం ఎక్కాలి అన్నారు.

సుశీల రాలేదు. చెరుకు అయిపోయాక అటునుంచి అటే ఇటుక బట్టీకి పోయారని తెలిసింది. ఎక్కువ కాలం రాని పిల్లల పేరు తీసేయాలన్నది నిబంధన. వేసవి దాకా ఆగి తీసేశాను.

మరుసటి ఏడాది నుంచి దసరాకు ముందే తండాలకు పోయాను. తల్లులతో కాదు, ఊళ్లో ఉండిపోయే అవ్వలతో, పిల్లల్ని తమ దగ్గర ఉంచుకోమని మాట్లాడాను. కొందరు పిల్లలు ఆగారు, ఎక్కువమంది ఆగలేదు. నేను నేర్చుకున్నది ఇంతే: లారీ వచ్చాక మంత్రి పోయినా ఒకటే, బంట్రోతు పోయినా ఒకటే.