ఒకే డబ్బా, రెండు బరువులు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ నత్తత్త అనేవారు. నూనె వరుసలోని మగవాళ్లు మూడు విడతలు మోసేసరికి ఆమె రెండే మోసేది మరి. "అత్తా, పాకం ముదిరిపోతోంది, కాస్త త్వరగా రా!" అని వేళాకోళం. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది. ఇంటికెళ్లి భుజానికి కాపడం పెట్టుకుంటూ, వయసు మీద పడిందని తనను తానే తిట్టుకునేది.

ఆడవాళ్లకు చక్కెర పాకం, మగవాళ్లకు నూనె. చేరిన రోజు ఏ వరుస చూపిస్తే చివరిదాకా అదే. రెండూ పది లీటర్ల నీలం డబ్బాలే. కావడికి అటొకటి, ఇటొకటి. "డబ్బా అంటే డబ్బాయే" అనేవాడు మేస్త్రీ. ఆ నెల కొత్త మాట కూడా చెప్పాడు: అందరికన్నా వెనకబడినవాళ్లు వచ్చే నెల పనిలోకి రానక్కర్లేదు. వెనకబడేది ఎవరో వేరే చెప్పాలా?

ఒక ఉదయం మేస్త్రీ బామ్మర్ది, నూనె వరుసలో మొనగాడు, తొందరలో చేతికందిన రెండు డబ్బాలు కావడికి తగిలించాడు. ఒకటి నూనె, ఒకటి పాకం. లేచాడో లేదో కావడి ఒకవైపుకు ఒరిగింది. మొనగాడు గిర్రున తిరిగి పిండి బస్తాల మీద కూలబడ్డాడు.

"బావా! ఈ నూనె డబ్బా సగం ఖాళీ! ఎవడో తోడేశాడు!"

మేస్త్రీ మూత తీశాడు. నూనె మెడదాకా ఉంది.

నత్తత్త వంగి ఆ డబ్బా ఎత్తింది. ముఖం వెలిగిపోయింది. "ఓరి మీ దుంపతెగ! ఇన్నాళ్లూ మీరు మోస్తున్నది ఇదా? దీన్ని చంకనేసుకుని మీ చుట్టూ గంతులేస్తాను!"

పిండి తూచే కాటా మీద రెండూ పెట్టారు. నూనె నీటికన్నా తేలిక, పాకం నీటికన్నా బరువు. డబ్బా అదే అయినా పాకం దాదాపు ఒకటిన్నర రెట్లు తూగింది.

"మేస్త్రీ గారూ, రేపట్నించి వరుసలు మార్చుకుందామా?"

"కుదరదత్తా, పద్ధతంటూ ఒకటుంది..." అని నసిగాడు మేస్త్రీ. ఆడవాళ్లంతా కావళ్లు కింద పెట్టేశారు.

బామ్మర్ది నడుం రుద్దుకుంటూ, "ఒప్పుకో బావా, కాటాకి మనమేం చుట్టాలం కాదుగా" అన్నాడు.

ఇప్పుడక్కడ లెక్క కిలోల్లో. పాకం అందరికీ వంతులవారీగా. ఆమె పని నిలిచింది. తన వంతు వచ్చిన రోజు బామ్మర్ది రెండో విడతకే చతికిలబడ్డాడని ఆమే చెప్పింది, కడుపు పట్టుకుని నవ్వుతూ.

మీరూ నవ్వండి. కానీ మీ దుకాణంలోనో గోదాములోనో డబ్బాలు, తట్టలు లెక్కపెట్టి ఎవరినైనా నత్త అంటున్నారేమో చూడండి. ఎండిన రంపపు పొట్టు తట్టా, తడి ఇసుక తట్టా ఒకటి కాదు. కాటా తెప్పించమని అడగండి. తెప్పించేలోగా, ఆ బరువు ఒకసారి మీరే ఎత్తి చూడండి.