చుక్క ఒలకని ఇంజను

మానవుడు నిప్పును కనిపెట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. చక్రం సంగతీ అంతే. అటువంటి అశ్రద్ధ మళ్లీ జరగకూడదు కనుక, బండ్లు బాగుచేసే టీ మేస్త్రీ తొలిసారి నడుస్తున్న ఇంజను మీద టీ గ్లాసు పెట్టిన ఘట్టాన్ని ఇక్కడ నమోదు చేయడమైనది. ముప్పై ఒక్క ఏళ్ల కిందట, ఒక మంగళవారం, ఉదయం పదిన్నరకు అది జరిగింది. కారణం, దగ్గర్లో బల్ల లేకపోవడం.

గ్లాసులో టీ వణికింది. ఆ వణుకు చూసి, మూడో సిలిండరు సరిగ్గా మండటం లేదని మేస్త్రీ పట్టేశాడు. ఆనాటి నుంచి ఆయన షెడ్డులో ఏ ఇంజనుకైనా టీయే పరీక్ష. చిందితే ఫెయిలు. అలలు లేస్తే అత్తెసరు మార్కులు. టీ బొత్తిగా కదలని ఇంజను మాత్రం ఆయనకింకా ఎదురుపడలేదు.

షెడ్డు మూలన ఆయన మామగారి కారు ఉండేది. ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు. నేలకు జానెడెత్తు, రెండే సీట్లు. ఎక్కడమే తప్ప దిగడం గురించి ఆలోచించకుండా చేసినట్టుంటుంది. మామగారు పోయిన ఏడే ఇంజను పట్టేసింది. ఇక దానికి వారసులిద్దరు, మేస్త్రీ భార్య, ఆమె తమ్ముడు. తమ్ముడిది దుకాణాల్లో తూకాలు, కొలతలు తనిఖీ చేసే ఉద్యోగం. నవ్వినా కొలిచి నవ్వుతాడు.

"బావా, ఇది కారు కాదు, కోళ్లగూడు. పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం" అన్నాడు.

"మీ నాన్న ఇందులోనే మీ అక్కను బడిలో దింపేవారురా."

"నన్ను దింపలేదుగా! రెండే సీట్లు."

చివరికి ఆరు నెలల గడువు కుదిరింది. ఆలోగా కారు అక్కను ఎక్కించుకుని, ఎత్తు వీధి ఎక్కి, పైనున్న నీళ్ల ట్యాంకు దాకా వెళ్లాలి. వెళ్లకపోతే ఇనుమే. ఆ సాయంత్రం అక్కగారు షెడ్డులోకి వెళ్లి, చిన్నప్పుడు తాను కూర్చున్న సీటు దుమ్ము గుడ్డతో తుడిచి వచ్చింది. మేస్త్రీ అది చూశాడు. చూశాక వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

ఎక్కడో గుద్దుకుని మూలపడిన బండి నుంచి ఆయన రోటరీ ఇంజను ఊడదీసి తెచ్చాడు. అందులో పైకీ కిందికీ దూకే పిస్టన్లుండవు. మూడు మూలల దిమ్మ ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది, అంతే. చూడటానికి వచ్చిన బావమరిది దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇంజనేది బావా? ఇది ప్రెషర్ కుక్కరు కదా. విజిల్ కూడా వేస్తుందా?"

"అది వెయ్యదు. నువ్వే వేస్తావు, చూస్తూ ఉండు."

పాత ఇంజను పొడుగు, కొత్తది పొట్టి. కారు ముక్కులో దాన్ని కూర్చోబెడితే వెనక జానెడు ఖాళీ మిగిలింది. ఇంజను తిరిగే బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడుగాటి షాఫ్టు చాలలేదు. దాన్ని పొడిగించమని, లేతు మిషను మీద ఇనుము చెక్కే మేస్త్రీకి ఇచ్చి, ఈయన వైర్లలో తల దూర్చాడు.

గడువు ఇక మూడు రోజులుందనగా, గురువారం నాడు, ఇంజను అందుకుంది. గ్లాసు పెట్టాడు. టీ కదలలేదు. అనుమానమొచ్చి ఊదాడు, కదిలింది. ఊదడం ఆపాడు, నిలిచిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ల నిరీక్షణ! మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు. ఆ చేత్తోనే బావమరిదికి ఫోను చేసి, "ఆదివారం రారా" అన్నాడు. ఆ ఆనందంలో ఒక చిన్న సంగతి బుర్రలోంచి జారిపోయింది.

ఆదివారం బావమరిది వచ్చాడు, వెంట పాత ఇనుము వాడి క్రేను బండితో సహా. ఇంజను మోగింది, గ్లాసు పెట్టారు. బావమరిది వంగి, ఒక కన్ను మూసి, టీ మట్టాన్ని పరిశీలించాడు. ఉద్యోగ ధర్మంగా సగం తాగి చూశాడు.

"టీయే" అని ఒప్పుకున్నాడు.

అక్కగారు ఎక్కింది. గ్లాసు పెట్టే చోటు లేక ఒళ్లో పట్టుకుంది. మేస్త్రీ గేరు వేసి తొక్కాడు. ఇంజను గొంతెత్తి పాడింది. కారు గోడకు వేసిన బొమ్మలా ఉన్న చోటే ఉంది.

"బయల్దేరామాండీ?" అంది ఆవిడ మర్యాదగా.

క్రేను వాడు కొక్కెం దించసాగాడు. మేస్త్రీ కారు కిందికి దూరి, ఉండవలసిన చోట గాలి తప్ప ఏమీ లేదని కనుగొన్నాడు.

"షాఫ్టు! లేతు మేస్త్రీ ఇవ్వనేలేదు! ఇవాళ వాడి కొట్టు కూడా మూసేసుంటుంది!"

"ఏ షాఫ్టండీ? రెండు కొసలా కీళ్లున్న గొట్టమా?" అంది పైనుంచి భార్య.

"నీకెలా తెలుసు?"

"లేతాయన నెల కిందటే ఇచ్చి వెళ్లాడు. బట్టలారేసే దండెం కావాలని ఏడాదిగా మొత్తుకుంటున్నా కదా, ఇన్నాళ్లకు చేయించారనుకున్నా. ఎంత నున్నగా చేయించారోనని పక్కింటావిడకు చూపించాను కూడా!"

"గడువు అయిపోయింది బావా" అన్నాడు బావమరిది.

"ఏరా, గడువు ఇవాళ్టితో కదా? ఇవాళ ఇంకా సగం ఉంది. కొలతల మనిషివి, నువ్వే కొలుచుకో" అంది అక్క. తమ్ముడు గడియారం చూసుకుని, కొక్కెం ఆపమని క్రేను వాడికి సైగ చేశాడు.

తడి లుంగీ, రెండు తువ్వాళ్లు గోడ మీదికి మారాయి. గంటన్నరలో షాఫ్టు కారు కిందికి చేరింది, ఒక బట్టల క్లిప్పుతో సహా. ఈసారి తొక్కగానే కారు కదిలింది. ఎత్తు వీధిని ఆయాసం లేకుండా ఎక్కి, నీళ్ల ట్యాంకు దగ్గర ఆగింది. వెనకే క్రేను బండిలో బావమరిది చేరుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అక్కా, కాస్త దిగు."

"దేనికిరా?"

"నేనూ ఓసారి కూర్చుంటా."

అప్పటి నుంచి షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ మేస్త్రీ ఈ కథ చెబుతాడు. అంత ఎత్తు ఎక్కినా ఆవిడ ఒళ్లో గ్లాసులోంచి చుక్క టీ ఒలకలేదట. నిజమే. గ్లాసులో ఉన్నది సగమే.