నాలుగువందల పన్నెండో చుట్టు

అమీర్‌పేటలో మెట్రో స్తంభాల కింద సాయంత్రమయ్యేసరికి జొన్నరొట్టెల బండ్లు వరసగా నిలబడతాయి. పెనం మీద రొట్టె అంచులు మాడేటప్పుడు వచ్చే ఆ పొగవాసన తగిలితే చాలు, ఒక్కో రొట్టె పొంగడానికి ఎంతసేపు పడుతోందో లెక్కపెడుతూ అక్కడే నిలబడిపోతాను. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక పడుతుందో చెప్పడం నా బతుకుతెరువు. ఆ విద్య నాకెవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచి కనిపించిందల్లా లెక్కపెడుతూ నేర్చుకున్నదే. జొన్నరొట్టె వాసన మాత్రం నన్ను ఎనభైల్లోని ఒక దసరా ముందు రోజులకు, మా నాయనమ్మ ఢిల్లీకి వస్తుందో రాదో తేలక ఇల్లంతా ఎదురుచూసిన పదిహేను రోజులకు తీసుకుపోతుంది.

బాపు సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆ ఏడు వారం రోజులు సెలవు దొరికితే అందరం ఢిల్లీ చూసొద్దామన్నాడు. వానలు వెనకబట్టి ఖాళీ జాగాల్లో గునుగు పూలు తెల్లగా పూసి, తంగేడు పసుపురంగు ఆరబోసినట్టున్న ఆ సాయంత్రాల్లో, నీళ్ళు చల్లిన వాకిట్లో నులకమంచం మీద రైల్వే టైంటేబులు పరిచి మా ప్రయాణం మొదలయ్యేది. రానూపోనూ రైలుకే మూడు రోజులు పోతే చేతికి మిగిలేవి నాలుగు రోజులేనని తేల్చింది నేనే. తమ్ముడికి జంతువుల తోట, అమ్మకు గుళ్ళు, బాపుకు కోటలు. ఎవరిది ఏ పూటో గళ్ళు గీసి నింపడం నా పని. అమ్మ ఒకపక్క గరిజెలు, మక్కగారెలు మనిషికి పూటకు ఎన్నో చెప్పమని నన్నే అడిగేది. ఏడో తరగతి పిల్లకు అంతకంటే గౌరవం ఏం కావాలి?

నాయనమ్మకు గుళ్ళూ గోపురాలూ అక్కర్లేదు. "మన జొన్నశెల్క నడిమిట్లకెళ్ళి రోడ్డేసిన సర్కారు ఎట్లుంటదో ఒక్కపారి చూడాలె," అంది, రోడ్డు కింద పోయిన మా జొన్నచేనును తలుచుకుని.

"అది ఢిల్లీ సర్కారు కాదమ్మా, ఈడి సర్కారే," అన్నాడు బాపు.

"ఈడ ఉన్నోళ్ళు నౌకర్లు. మాలిక్ ఆడనే గద ఉన్నడు?"

బాపు నవ్వాడు గానీ ఆమెను తీసుకుపోవడానికి ధైర్యం చాలలేదు. ఢిల్లీ చూసొచ్చిన ఆఫీసు మిత్రుడొకాయన, అక్కడ కోటలోపలే మైలు నడవాలనీ, ముసలివాళ్ళను తీసుకుపోతే వాళ్ళను మోసుకు తిరగడంతోనే సరిపోతుందనీ భయపెట్టాడట. చివరికి బాపు ఒక షరతు పెట్టాడు. "పంజాగుట్ట చౌరస్తా దాక నడుమ కూసోకుంట నడువు. నడిస్తివా, శనివారం నీకు సుత టికెట్ తీస్త. లేకుంటె ఎర్రగడ్డల అక్కింట్ల ఉందువు."

ఎర్రగడ్డ అనగానే మా దగ్గర ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పిచ్చాసుపత్రి. నాయనమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "ఎర్రగడ్డకా? నాకేం పిచ్చి లేశిందిరా?"

దూరం కొలవమని బాపు నాకు చెప్పాడు. కిరాయి సైకిళ్ళ దుకాణం భాయ్ దగ్గర సైకిలు తీసుకుని, ముందు చక్రం పుల్లకు ఎర్రగుడ్డ పీలిక కట్టి, అది పైకి వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కపెడుతూ పంజాగుట్ట దాకా తోసుకుపోయాను. "క్యా బేటీ, సడక్ ఖరీద్‌రే క్యా?" అని, రోడ్డేమైనా కొంటున్నావా అన్నట్టు భాయ్ ఆటపట్టించాడు. అమీర్‌పేటలో మా గడప నుంచి చౌరస్తాకు ఏడువందల అరవై చుట్లు. దారంతో కొలిస్తే చక్రం ఒక చుట్టుకు ఏడడుగుల మూడంగుళాలు. అంటే మైలు కంటే కొంచెం ఎక్కువే.

ప్రతి సాయంత్రం బాపు ముందు, నాయనమ్మ వెనక, సైకిలుతో నేను ఆమె పక్కన నడిచేవాళ్ళం. ఇరానీ హోటలు ముందు చాయ్ వాసన, కిరోసిన్ దీపాల వెలుగులో జామపండ్ల బండ్లు, సీట్లు నిండి ఒకపక్కకు ఒరిగిపోయే బస్సులు దాటి హుషారుగా నడిచేది. తీరా టింబర్ డిపో ముందు పడున్న మద్దిదుంగ దగ్గరకు రాగానే కూర్చునేది. కూర్చుందా, ఆ రోజు పరీక్ష పోయినట్టే, అయినా చౌరస్తా దాకా పోయే వచ్చేవాళ్ళం. బాపు వాచీ చూసుకునేవాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

శనివారం రెండు రోజులుందనగా రోజూ చుట్లు రాసుకున్న నా కాగితంలో ఒక సంగతి కనిపించింది. పోయేటప్పుడు ప్రతిసారీ నాలుగువందల పన్నెండో చుట్టు దగ్గరే కూర్చుంటోంది. చౌరస్తా నుంచి తిరిగొచ్చేటప్పుడు, ఇంకా అలసి ఉండి కూడా, మూడువందల నలభై ఎనిమిదో చుట్టు దాకా కూర్చోకుండా వస్తోంది. రెండూ కలిపితే ఏడువందల అరవై. రెండూ అదే దుంగ! మధురానగర్‌లో కూరగాయలకని గంటసేపు తిరిగి వచ్చిన రోజునా అంతే, పొద్దంతా పండుకుని లేచిన రోజునా అంతే. కాళ్ళు అలిసి కూర్చుంటే చోటు మారాలి కదా?

"నాయనమ్మా, గీన్నే ఎందుకు కూసుంటవ్?" అని అడిగాను.

"ఇది మన శెల్క గట్టు గద బిడ్డా. పొద్దుగాలకెళ్ళి కలుపు తీసి, రొట్టెమూట ఇప్పుకొని ఈన్నే కూసుంటుంటిమి. ఈ జాగ రాంగనె కాళ్ళు వాటంతట అయ్యే ఒంగుతయి. మీ బాపుకు చెప్పకు, నవ్వుతడు," అంది.

నేను చెప్పాను. కాగితం చేతికిచ్చి, "అలిసిపోతే లెక్క మారాలె గద బాపూ," అన్నాను. బాపు నవ్వలేదు. ఆ అంకెలు రెండుసార్లు చూసి, "మరి రేపు ఇంకో తొవ్వల నడుద్దాం," అన్నాడు.

మర్నాడు యూసుఫ్‌గూడ వైపు సరిగ్గా ఏడువందల అరవై చుట్లు నడిచాం. నాయనమ్మ ఒక్కచోట కూడా ఆగలేదు. చివర చెమట తుడుచుకుంటూ వెనకబడిన బాపును చూసి, "ఏందిరా, నిన్ను సుత ఎర్రగడ్డల ఇడిశిపోవాల్నా?" అంది. శనివారం అయిదు టికెట్లు తెచ్చాడు బాపు.

ఢిల్లీలో ఉన్న నాలుగు రోజులూ మా అందరికంటే ముందు నడిచింది ఆమే. సర్కారు భవనాల ముందరి ఆ వెడల్పాటి రోడ్డు మీద, రెండువైపులా పచ్చిక బయళ్ళు, కొలనులు ఉన్నచోట, చేతులు వెనక్కు కట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఎర్రరాతి గోడలను తలెత్తి చూసింది. మా కాళ్ళు పీకుతున్నాయి. "అమ్మా, జర కూసో," అని బాపే బతిమాలాడు.

నాయనమ్మ ఆ పచ్చికంతా ఒకసారి కలియచూసింది. "కూసోనీకి ఈడ నాదేమున్నదిరా?" అంది.

తిరిగొచ్చాక ఏ సాయంత్రమైనా ఆమె పంజాగుట్ట వైపు బయల్దేరితే, ఎంతసేపటికి వస్తావని ఇంట్లో ఎవరమూ అడగలేదు.

పోయిన నెల మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట నుంచి నడిచి చూశాను. టింబర్ డిపో ఉన్న ఆనవాలు లేదు. మా ఇల్లున్న చోట సెల్లారుతో అయిదంతస్తులు లేచాయి, గడప ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. మొదలు తెలియనప్పుడు నాలుగువందల పన్నెండు ఎక్కడ పడుతుందో చెప్పడం నాచేత కాలేదు. బహుశా ఏదో స్తంభం కింద ఉంటుంది. దారి పొడుగునా కాళ్ళు వాటంతటవే వంగే చోటు కోసం చూసుకుంటూ పోయాను. ఎక్కడా కూర్చోకుండానే పంజాగుట్ట వచ్చేసింది.